మా నిరీక్షణ

మధ్యయుగ దక్కన్ చరిత్రను బోధించే మా దంపతులకు డిసెంబరు మాసాంతమంటే పండుగ. 1935లో పూనాలో ప్రారంభమైన భారత చరిత్ర కాంగ్రెస్ సాధారణంగా ఆ రోజుల్లోనే సమావేశమవుతుంది. పరిశోధన పత్రాలు, పాత మిత్రులు, శాసనాల మీద తెగని వాదాలు, ప్రతినిధులకిచ్చే గుడ్డసంచులు! మూడేళ్లుగా మాత్రం మేము ఆ సభలలో చేతిలోని ఫోనును వదలకుండా కూర్చుంటున్నాము.

కేంద్ర ప్రభుత్వపు దత్తత సంస్థ ‘కారా’ వద్ద మేము పేరు నమోదు చేసుకున్ననాడు మా ఇద్దరి వయస్సులు కలిపితే 79. రెండేళ్లలోపు శిశువును కోరే దంపతులకు ఆ మొత్తం 85 దాటరాదు. పిదప గృహ అధ్యయన నివేదిక కొరకు ఒక సమాజసేవిక మా ఇంటికి వచ్చారు. జీతం పత్రాలు, వైద్య ధ్రువపత్రాలు చూసి, బీరువాలలోని పుస్తకాలను కలయజూసి, “మీరిద్దరూ సదస్సులకు పోతే బిడ్డను ఎవరు చూస్తారమ్మా?” అన్నారు. “వెంట తీసుకుపోతాము” అని మాలో ఒకరు, “ఒకరము ఆగిపోతాము” అని మరొకరు ఏకకాలంలో పలికాము. ఆమె చిరునవ్వుతో రెండూ వ్రాసుకున్నారు.

మా ఉర్దూ శాఖ మిత్రులొకరు, “మా వంటివారికి ఈ మార్గం ఉన్నదా?” అని ఒకనాడు సంకోచిస్తూ అడిగారు. ఉన్నది. బాలల న్యాయ చట్టం క్రింద ఏ మతస్థులైనా దత్తత స్వీకరించవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మిత్రులే మాకు ఫెరిష్తా చరిత్రను ఫారసీ మూలం నుండి చదివి వినిపించినవారు. ఆ ఋణం ఇంత చిన్న సమాచారంతో తీరేది కాదు.

ఆ పఠనం మా పత్రానికి ఆధారమైంది. విషయం: మధ్యయుగ దక్కన్‌లో దత్తపుత్రులు. కుమారులు లేని గణపతిదేవుడు కుమార్తె రుద్రమనే కుమారునిగా భావించి రాజ్యమిచ్చాడు. ఆమె తన కూతురి కొడుకు ప్రతాపరుద్రుని దత్తు చేసుకున్నది. ఫెరిష్తా చెప్పే కథ మరింత విచిత్రం. రామరాయల కుమారుడు మరణించగా బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా కొద్దిమంది ఆశ్వికులతో విజయనగరానికి పరామర్శకు వెళ్లాడట. పుత్రశోకంలో ఉన్న రామరాయల భార్య ఆ సుల్తానును తన కుమారునిగా స్వీకరించినదట. 1565లో రామరాయలు ప్రాణాలు కోల్పోయిన యుద్ధంలో ఆ కుమారుడు శత్రుపక్షాన నిలిచాడు.

గత సంవత్సరం ఈ పత్రం చదువుతుండగానే ఫోను కదిలింది. బిడ్డ వివరాలు, ఛాయాచిత్రం వచ్చిన పిమ్మట సమ్మతి తెలుపుటకు గడువు 48 గంటలే. వేదిక మీద ఒకరిని విడిచి మరొకరము వరండాలోకి పరుగెత్తాము. కబురు బిడ్డది కాదు. గృహ అధ్యయన నివేదికకు మూడేళ్ల గడువు ముగియవస్తున్నది, పునరుద్ధరించుకోవాలని!

తిరిగి వచ్చేసరికి ప్రశ్నల సమయం. వెనుక వరుసలో ఒక పెద్దాయన లేచి, “దత్తు బంధం రక్తబంధం కాదనడానికి తళ్ళికోట సాక్ష్యం చాలదా?” అన్నారు. ఆయనకు మా సంగతి తెలియదు. ఫెరిష్తా ఆ యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాల తరువాత బీజాపూరు ఆస్థానంలో వ్రాశాడనీ, అలీ ఆదిల్‌షాను కదిలించినది రాజనీతి గాని మాతృద్వేషం కాదనీ చెప్పాము. “షాజహానును 1658లో బంధించిన ఔరంగజేబు ఆయన సొంత కుమారుడే గదా!” అని కూడా అన్నాము. సభ నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి వసతిగృహంలో ఆ ప్రశ్నే మా మధ్య పడుకున్నది. బిడ్డ పెద్దదై ఎన్నడైనా ఇదే ప్రశ్న అడిగితే ఔరంగజేబు పేరు చెప్పి తప్పించుకోగలమా?

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంగ్లండులోని లీడ్స్‌లో జూలై మాసంలో జరిగే మధ్యయుగ అధ్యయన మహాసభకు ఒకసారి మా పత్రం ఎంపికైనా మేము వెళ్లలేదు. సమ్మతి తెలుపుట అంతర్జాలం ద్వారానే గనుక లీడ్స్ నుండైనా తెలుపవచ్చును. ఆపినది నిబంధన కాదు, మా భయమే. బిడ్డకై ఎదురుచూడడమంటే కదలక కూర్చోవడమేనని ఆనాడు భ్రమపడ్డాము.

బిడ్డ కొరకు ఉంచిన గదిలో ఇప్పుడు పదకొండు గుడ్డసంచులు, మూడు కట్టల పత్రాలు ఉన్నాయి. ఉయ్యాల కొక్కెం మాత్రం ముందే బిగించాము. నివేదిక పునరుద్ధరణకు సమాజసేవిక మళ్లీ వచ్చినప్పుడు ఆ కొక్కెం వంక చూసి, ఈసారి ప్రశ్నేమీ అడగలేదు.

రానున్న సమావేశానికి రైలు టికెట్లు రెండు తీసుకున్నాము. ఐదేళ్లలోపు పిల్లలకు వేరే బెర్తు కోరకపోతే టికెట్టు అక్కరలేదని బుకింగు గుమాస్తాను అడిగి మరీ తెలుసుకున్నాము.