మరమగ్గాల హోరులో ఒక పల్లెపాట

సూరత్ పేరు చెప్పగానే దేశంలో ఎవరికైనా సానబట్టిన వజ్రాలూ, జరీ, రంగురంగుల చీరలూ గుర్తుకు వస్తాయి. కాని ఆ నగరంలోని లింబాయత్, పర్వత్ పాటియా, ఉధ్నా ప్రాంతాలలో నడిచే బాటసారికి చెవిన పడేది తరచుగా తెలుగు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి నేతకుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడికి వలస వెళ్ళాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపింది.

ఆ పేటలలో ఒక ఇంట, సెలవునాటి సాయంత్రం, యాభై దాటిన ఒక నేతకార్మికుడు పాట వింటున్నాడు. వారమంతా మరమగ్గాల హోరులో గడిపిన చెవులవి. ఆ షెడ్డులలో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా సైగ చేయవలసిందే. పన్నెండు గంటల పాళీ ముగించి వచ్చిన మనిషి విశ్రాంతికి హుషారైన పాట కోరుకుంటాడని మనం అనుకుంటాం. ఆయన కోరుకున్నది దుఃఖగీతం. గోరటి వెంకన్న రచించిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’.

వెంకన్న 1963లో నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారంలో జన్మించారు. తానే పాట కట్టి, తానే పాడి, వేదికపై అడుగు కలిపి ఆడే వాగ్గేయకారుడాయన. ‘వల్లంకి తాళం’ కవితాసంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఈ పాట 2002లో ‘కుబుసం’ చలనచిత్రంలో వందేమాతరం శ్రీనివాస్ గళంలో వినిపించి తెలుగునాట ఇంటింటికీ చేరింది.

ఆ పాటలోని విషాదం కేవలం నిట్టూర్పు కాదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె అంటూ ఒక్కొక్క వృత్తి గడప వద్దా ఆగి, అక్కడ ఏది మూలబడిందో చూపిస్తుంది. మార్కెట్ ముంచెత్తిన ఊరిలో చేతిపనులు ఎట్లా కూలిపోయాయో లెక్క చెబుతుంది. లెక్క చెప్పే దుఃఖానికి బలం ఎక్కువ. విన్నవాడు తన వంతు రాగానే తలెత్తుతాడు.

సూరత్‌లోని శ్రోతకు ఆ వంతు మరింత కఠినమైనది. పాటలో విరిగిన మగ్గం ఆయన తండ్రిది. దానిని విరిచిన శక్తులలో మరమగ్గం ఒకటి. ఆ మరమగ్గమే నేడు ఆయన పిల్లలకు అన్నం పెడుతున్నది. కన్నీరు కార్చే పల్లె ఆయనదే. కన్నీరు పెట్టించిన యంత్రాన్ని నడిపే చేయి కూడా ఆయనదే. ఇటువంటి చిక్కుముడిని విప్పే తీర్పు పాటలో లేదు. అయితే పాట ఆయనను దోషిగా నిలబెట్టదు. పోగొట్టుకున్నది విలువైనదేనని మాత్రం అంగీకరిస్తుంది. శోకించే హక్కును మనిషికి తిరిగి ఇవ్వడం చిన్న మేలు కాదు.

కరుణరసమే రసమని భవభూతి ఏనాడో భావించాడు. ఆంగ్ల సాహిత్యంలోనూ ఇటువంటి పల్లెశోకం ఉన్నది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లో పాడుబడిన గ్రామాన్ని గూర్చి ఒక దీర్ఘకావ్యం వ్రాశాడు. సంపద ఒకచోట పోగుపడి, రైతులు నేల విడిచి సముద్రాలు దాటిపోవడమే అందులోని ఇతివృత్తం. అది గ్రంథంగా వెలువడి, చదువుకున్నవారి చేతుల్లోకి వెళ్ళిన కావ్యం. వెంకన్న పాట ఊరు విడిచిన వారి నోటనే పలుకుతున్నది. రెండింటికీ నడుమ ఉన్న ముఖ్యభేదం అదే.

ఆనాటి సాయంత్రం పాట ముగిశాక, సూరత్‌లోనే పుట్టి పెరిగిన కుమారుడు అడిగాడు: “ఊరు అంత మంచిగుంటే మనం ఈడికెందుకొచ్చినం బాపూ?”

న్యాయమైన ప్రశ్న. ఆ ఊరిలో అప్పు ఉండేది, ఆకలి ఉండేది. నేసిన బట్టకు కూలి గిట్టని రోజులు ఉండేవి. దుఃఖగీతం వాటిని మరిపించి గతానికి బంగారుపూత పూయగలదు. ఆ ప్రమాదం తండ్రికి తెలియనిది కాదు.

కొంతసేపటికి ఆయన బదులిచ్చాడు: “మంచిగుండెనని కాదు బిడ్డా. మీ తాత నేసిన చీర ఎవరు కట్టుకుంటరో ఆయనకు ఎరుకుండె. నేను నేసే గుడ్డ యాడికి పోతదో నాకు ఎరుక లేదు.”

పాట ఏమి చేసిందో ఆ రెండు మాటలలో ఉన్నది. ఇన్నేళ్ళుగా తన వెలితికి ఆయన పేరు పెట్టలేదు. కూలి, కిరాయి, పిల్లల చదువు అన్న మాటల కింద అది అణగి ఉన్నది. విషాదగీతాలు మనిషిని కుంగదీస్తాయని కొందరి అభిప్రాయం. నిజానికి పేరులేని దుఃఖమే కుంగదీస్తుంది. పేరు దొరికిన దుఃఖాన్ని పక్కవానితో పంచుకోవచ్చు, కుమారునికి చెప్పవచ్చు.

“గుంటమగ్గం ఎట్లుంటుండె?” అని అడిగాడు పిల్లవాడు.

తండ్రి లేచి గుమ్మం అంచున కూర్చుని, కాళ్ళు మెట్టు మీదికి దించాడు. లేని చెక్కలను పాదాలతో ఒకదాని తరువాత ఒకటిగా తొక్కుతూ, లేని నాడెను కుడి నుండి ఎడమకు విసిరి చూపించాడు. పాళీకి వేళైనదని ఇంట్లో నుంచి పిలుపు వచ్చేవరకు ఆ చేతులు ఆగలేదు.