ఆ రాయి ఎవరి మీదికి వచ్చింది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

‘ఫండ్రీ’ గురించి రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నా. 2013లో వచ్చిన మరాఠీ సినిమా, తీసింది నాగరాజ్ మంజులే. ఫండ్రీ అంటే కైకాడీ భాషలో పంది. మన తెలుగు మాటకి ఎంత దగ్గరో చూడండి. కైకాడీలు మన ఎరుకలోళ్లకి చుట్టాలే. (అక్కడ వాళ్లు ఎస్టీ లిస్టులో లేరు, అది ఇంకో పోస్టు.)

కథ చిన్నది. జబ్యా అనే కుర్రాడికి క్లాసులో షాలూ అంటే ఇష్టం. ఊళ్లో పందులు పట్టే పని వాళ్ల ఇంటి మీద పడుతుంది. బడి దగ్గరే, ఆ అమ్మాయి చూస్తుండగా, ఇంటిల్లిపాదీ పంది వెనక పరిగెత్తాలి.

మామూలుగా సినిమావాళ్లకి మనల్ని చూపించడానికి రెండే దారులు. ఏడుపు మ్యూజిక్ పెట్టి జాలిపడమంటారు, లేదంటే దేవుణ్ణి చేస్తారు. ‘ఆర్ఆర్ఆర్’లో భీమ్ పులితో తలపడితే నేనూ ఈలేశా. కానీ భూమి కోసం పోరాడి 1940లో ప్రాణమిచ్చిన కొమురం భీమ్, చివర్లో చదువు చెప్పమని రాముణ్ణి అడగడం నాకు మింగుడుపడలే.

మంజులే ఆ రెండూ చెయ్యలేదు. పందినీ, దాని వెనక పడేవాళ్లనీ ఎంత చూపించాడో, కూర్చుని నవ్వే జనాన్నీ అంత చూపించాడు. వాళ్లకది క్రికెట్ మ్యాచ్ లాంటిది. మధ్యలో బడిలోంచి జనగణమన వినిపిస్తుంది. తరిమేవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. పంది మాత్రం ఆగదు కదా! తర్వాత దాన్ని కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్, ఫూలే బొమ్మలు ఉంటాయి. దాని మీద ఎవరూ ఒక్క డైలాగ్ చెప్పరు.

మా హాస్టల్లో ల్యాప్‌టాప్‌లో వేశాం. పంది తప్పించుకున్నప్పుడల్లా గదంతా ఒకటే నవ్వు. నన్ను ‘పందుల బ్యాచ్’ అని పిలిచేవాడు కూడా అక్కడే కూర్చుని పగలబడి నవ్వాడు. ఆఖర్న జబ్యా తిరగబడి, ఎగతాళి చేసినవాళ్ల మీద రాళ్లు రువ్వుతాడు. చివరి రాయి నేరుగా కెమెరా మీదికి వస్తుంది. తెర నల్లగా అయిపోతుంది.

అదే రాయి సినిమాలోని ఆ వెధవకి తగిలినట్టు చూపిస్తే పగ తీరిపోయేది, చప్పట్లు కొట్టి పడుకునేవాళ్లం. రాయి ఇటు తిప్పేసరికి నవ్వినోళ్లంతా లెక్కలోకి వచ్చేశారు. గదిలో కాసేపు ఎవరూ లైటు కూడా వెయ్యలే.

మర్నాడు మెస్‌లో వాడు నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సినిమా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పేరు పెట్టి పిలిచి, సాంబారు ఇటివ్వమన్నాడు.