కాగితంపై వయసు, ఒంట్లో ఆరోగ్యం

హజ్ యాత్రకు డబ్బు కూడబెట్టడం కష్టం. ఆ డబ్బు సమకూరే నాటికి ఒంట్లో సత్తువ మిగుల్చుకోవడం అంతకన్నా కష్టం. విశాఖపట్నం ఆటోనగర్‌లో లారీల కమాను పట్టీలు బాగుచేసే చిన్న షెడ్డు మాది. మేమిద్దరం అబ్బా అని పిలిచే మా ఇంటి పెద్దాయన నలభై ఏళ్లు ఆ పనిలోనే శ్రమించి, పైసా పైసా కూర్చి 2020లో హజ్‌కు దరఖాస్తు చేశారు. పేరు వచ్చింది. వెనువెంటనే కరోనా కూడా వచ్చింది.

ఆ ఏడు జూన్‌లో సౌదీ ప్రభుత్వం హజ్‌ను తమ దేశంలో ఉన్న కొద్దిమందికే పరిమితం చేసింది. కట్టిన సొమ్ము తిరిగి వచ్చింది. 2021లోనూ ఆ దేశంలో ఉన్నవారికే, అదీ 60 వేల మందికే అవకాశం దక్కింది. 2022లో 10 లక్షల మందికి తలుపులు తెరుచుకున్నాయి. మన దేశానికి 79,237 స్థానాలు లభించాయి. కరోనా టీకాలు పూర్తి కావాలి, బయలుదేరే ముందు 72 గంటల లోపు పీసీఆర్ పరీక్ష చేయించుకోవాలి, వయసు 65 ఏళ్లు దాటకూడదు అని షరతులు విధించారు. మన హజ్ కమిటీ ఆ వయసును 1957 జులై 10తో లెక్కగట్టింది. అబ్బా పాస్‌పోర్టులో ఉన్నది 1956.

నిజానికి ఆయన పుట్టిన ఏడు ఎవరికీ సరిగా తెలియదు. బడిలో చేర్చిన నాడు మాస్టారు ఒడ్డూ పొడుగూ చూసి వేసిన సంవత్సరమే ఆధార్‌లోకీ, పాస్‌పోర్టులోకీ ఎక్కింది. "రెండేళ్లు తగ్గించి కాగితాలు మార్పిద్దాం, తెలిసినవాళ్లున్నారు" అని ఒక పరిచయస్థుడు ముందుకొచ్చాడు. అబ్బా ఒక్కటే అడిగారు: "అబద్ధం చెప్పి ఎవరి ఇంటికి వెళ్లమంటావు?" ఆ మాటతో ఆ ప్రస్తావన ముగిసింది. ఆయన బాధ మాత్రం ముగియలేదు. "లారీకి ఎఫ్‌సీ ఇచ్చేటప్పుడు బ్రేకులు చూస్తారు, స్టీరింగు చూస్తారు. నన్నెవరూ చూడలేదు, నా కాగితం చూశారంతే" అనేవారు.

ఆ షరతు ఎందుకు వచ్చిందో మేమూ ఆలోచించకపోలేదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే విహార నౌకను నిలిపివేశారు. అందులోని 3,711 మందిలో 712 మందికి వ్యాధి సోకింది. ప్రయాణికులలో వృద్ధులే అధికం, మరణించినవారిలోనూ వారే అధికం. లక్షల మంది భుజం భుజం కలిపి తవాఫ్ చేసే చోట అటువంటి ముప్పు ఎంతటిదో ఊహించవచ్చు. ఇది కొత్త భయమూ కాదు. 1865లో మక్కాలో కలరా చెలరేగి, తిరుగు ప్రయాణికులతో పాటు దేశదేశాలకు పాకింది. ఆ తరువాత 1882లో ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో ఉస్మానీ ప్రభుత్వం పరీక్షా కేంద్రం నెలకొల్పి, హాజీల ఓడలను అక్కడ ఆపి చూసిన తరువాతే వదిలేది.

అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊరిలో అది వ్యాపిస్తే పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. సిరియాలో ప్లేగు చెలరేగిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారి మధ్యలోనే వెనుదిరిగారు. జాగ్రత్త పడటం విధిని ధిక్కరించడం కాదని ఆయన ఆచరించి చూపారు. ఆ సంగతి చెప్పినప్పుడు అబ్బా కొంతసేపు మౌనంగా ఉండి, "బ్రేకులు లేని బండి దాని యజమానినే కాదు, ఎదుట వచ్చేవాణ్నీ చంపుతుంది" అన్నారు. షరతును ఆయన అంగీకరించారు. తనను ఎవరైనా పరీక్షించి చెప్పాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

2023లో వయోపరిమితి తొలగింది. మన రాష్ట్రం వారికి ఆ ఏడు విజయవాడ నుంచే విమానం ఏర్పాటైంది. ఆరోగ్య ధ్రువపత్రం కోసం అబ్బాను ప్రభుత్వ వైద్యుని వద్దకు తీసుకెళ్లాము. ఆయన బీపీ, షుగరు చూసి, గుండె పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చాక సంతకం చేయలేనన్నారు. గుండె బాగా బలహీనపడింది, ఆ ఎండలో, ఆ నడకలో తట్టుకోలేరు అని ఓపికగా వివరించారు. మా కళ్లు చెమర్చాయి. అబ్బా మాత్రం తేలికపడినట్లు కనిపించారు. "నిరుడు అంకె ఆపింది. ఇప్పుడు నా ఒళ్లే చెప్పింది. ఇది నాకు అర్థమయ్యే జవాబు" అన్నారు.

హజ్ స్తోమత ఉన్నవారికే విధి. ఆ స్తోమతలో డబ్బుతో పాటు ఆరోగ్యమూ ఉంది. వాహనంపై కూర్చోలేని వృద్ధ తండ్రి తరఫున హజ్ చేయవచ్చా అని అడిగిన ఒక స్త్రీకి దైవప్రవక్త (స) అనుమతించారు. ఆ ఆదేశాన్ని అనుసరించే, ఇదివరకే తన హజ్ పూర్తి చేసుకున్న జిద్దాలోని మా బంధువు అబ్బా తరఫున బదల్ హజ్ నెరవేర్చాడు.

ఈ అనుభవం మాకు నేర్పింది ఒకటే. ఇంటి పెద్దలకు హజ్ తలపు ఉంటే, సొమ్ము లెక్క మొదలైన నాడే ఆరోగ్యం లెక్కా మొదలుపెట్టాలి. ఏటా షుగరు, బీపీ, గుండె చూపించాలి. రోజూ నడిపించాలి. మెనింజైటిస్ టీకాను, పోలియో చుక్కలను మొక్కుబడిగా భావించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, సంతకం కోసం జబ్బు దాచకూడదు. దాచిన జబ్బు భారాన్ని తోటి హాజీలు మోయవలసి వస్తుంది. ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాని లెక్క నిజాయితీగా చూపించడమూ ఆరాధనలో భాగమే. మన పెద్దలందరి సంకల్పాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.