జిగురు బూజు, నీలి తిమింగలం, మన సంఘం



మొన్నొక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘంలోని ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, పెద్ద మందిరాల్లో కుర్చీలు చాలక జనం నిలబడుతున్నారంట. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబితే తప్ప మన మందిరం ఎవరికీ దొరకదు. నలభై మందిమి కూడా లేము. మన సంఘం ఎండిపోతుందేమో" అని కన్నీళ్లు పెట్టుకుంది. ధైర్యం చెప్పి పంపించాం. కానీ నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు వాక్యం చెబుతూనే మేమూ తలలు లెక్కపెట్టాం.

మందిరం వెనక వానకు నానిన పాత దుంగ మీద పసుపుపచ్చని ముద్ద కనబడింది. పిల్లలు ఎవరో కక్కారనుకున్నారు. అది జిగురు బూజు. పేరుకే బూజు, మొక్కా కాదు, జంతువూ కాదు. అరచేయంత పరుచుకున్నా అదంతా ఒకే కణం. కళ్లు లేవు, మెదడు లేదు. అయినా మెల్లగా పాకుతూ తిండి వెతుక్కుంటుంది. టోక్యో చుట్టుపక్కల పట్టణాలు ఉన్న తీరులోనే ఓట్స్ ముక్కలు అమర్చి, జపాన్ శాస్త్రవేత్తలు ఈ జాతిలో ఒకదాన్ని వాటి మధ్య వదిలారు. ఆ ముక్కలను కలుపుతూ అది అల్లిన దారులు అక్కడి రైలు మార్గాలను పోలి ఉన్నాయని 2010లో ప్రకటించారు.

ఇక రెండో సృష్టి చూడండి. నీలి తిమింగలం దాదాపు 30 మీటర్ల వరకు పెరుగుతుంది. భూమి మీద అంతకంటే పెద్ద జంతువు మనకు తెలియదు. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒకటి కొట్టుకొచ్చింది. 25 అడుగులదాన్ని చూడడానికి ఊళ్లు కదిలాయి. అంతటి జంతువు తినేది వేలెడంత రొయ్యల్లాంటి జీవులనే. నీళ్లు వదిలి ఒడ్డున పడితే దాని బరువే దాని ఊపిరిని నొక్కేస్తుంది. ఇన్నాళ్లూ దాన్ని మోసింది దాని బలం కాదు, సముద్రం.

జిగురు బూజుకు తేమ అందకపోతే ఏమవుతుంది? ఎండి పెచ్చులా గట్టిపడుతుంది. చచ్చిందనుకుంటాం. చాలాసార్లు మళ్లీ తడి తగలగానే లేచి పాకుతుంది.

104వ కీర్తన ఈ మాటే చెబుతుంది. సముద్రంలోని చిన్నవీ పెద్దవీ ఆహారం కోసం దేవుని వైపే చూస్తాయి. ఆయన ఊపిరి తీసుకుంటే మన్నవుతాయి, ఆత్మను పంపితే కొత్తవవుతాయి.

అమ్మా, నీవు అడిగినదానికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఎండిపోవడం చిన్న సంఘానికే వచ్చే జబ్బు కాదు. పెద్దదీ ఒడ్డున పడవచ్చు. మనమెంతమందిమని కాదు, ఆయనలో ఉన్నామా అని అడుగుదాం. పెద్ద సంఘాల కోసం కూడా అసూయ లేకుండా ప్రార్థిద్దాం. అది ముందు మేము నేర్చుకోవాలి.

బుధవారం ప్రార్థనకు రండి. ఈసారి మేము తలలు లెక్కపెట్టం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.