కారెంపూడిలో చాపకూడు

ఫిలింనగర్ కొండ మీంచి దూరంగా గోల్కొండ కోట కనిపిస్తుంది. 1543లో జంషీద్ సొంత అన్న కళ్లు పొడిపించి అక్కడ గద్దెనెక్కాడు. తమ్ముడు ఇబ్రహీం చివరికి విజయనగరంలో తలదాచుకున్నాడు. ఆ కథ చెబుతూనే నా మిత్రుడు, సినిమాలకు కథలు రాసేవాడు, "అన్నదమ్ముల పోరంటే పల్నాటిదే గురూ, కార్తీకంలో కారెంపూడి చూడాలి" అన్నాడు.

జూబ్లీహిల్స్, సాగర్, మాచర్ల ఒక్క పూటలో దాటేశాం. కారెంపూడి చేరేసరికి వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజు. నాగులేరు ఒడ్డున వీర్ల గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. ఆచారవంతులు తమ వీరుల ఆయుధాలు పట్టుకుని, డప్పుల మోతకు ఊగిపోతున్నారు.

పోరు జరిగింది 1182 ప్రాంతంలో అంటారు. అనుగురాజు కొడుకుల్లో నలగామరాజుది గురజాల, సవతి తమ్ముడు మలిదేవుడిది మాచర్ల. కోడిపందెంలో ఓడి మలిదేవుడి వర్గం ఏడేళ్లు వలసపోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడిగితే ఇవ్వలేదు. రాయబారం వెళ్లిన అలరాచమల్లు విషానికి బలయ్యాడు. ఆ తర్వాత ఇక్కడే కత్తులు లేచాయి.

మధ్యాహ్నం చాపకూడుకు పిలిచారు. బారుగా చాపలు పరిచి ఉన్నాయి. నా కుడిపక్కన పొలం నుంచి వచ్చిన ముసలాయన, ఎడమపక్కన కాలేజీ కుర్రాడు. ఎవరి కులమేదో ఎవరూ అడగలేదు. వేడన్నంలో పప్పు పోశారు. "ఇంకాస్త పెట్టించుకో అయ్యా, వీరుల ప్రసాదం" అన్నాడు ముసలాయన. మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనానిని చేశాడని ఈ నేల నమ్ముతుంది. అంత రుచిగా భోజనం చేసి చాలా కాలమైంది.

1947లో ఒకసారి, 1966లో మరోసారి 'పల్నాటి యుద్ధం' తెరకెక్కింది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడిగా అక్కినేని, బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్, నలగామరాజు మంత్రి నాగమ్మగా కన్నాంబ, భానుమతి ఇప్పటికీ జనం నోట ఉన్నారు. గద్దె కోసం తగువుపడ్డ అన్నదమ్ముల పేర్లు మాత్రం తడుముకోవాలి. అదే న్యాయమనిపించింది. రాజ్యం ఎవరిదైతేనేం, ఊరు దాచుకున్నది కలిసి తిన్న ముద్దను, చచ్చిపోయిన వీరులను. మన ఊళ్లలో పంక్తులు ఇంకా వేరుగానే ఉన్నాయి గనక ఈ చాపలు ఏటా పరవాల్సిందే, మనలాంటి వాళ్లు వెళ్లి వాటి మీద కూర్చోవాల్సిందే.