దేవదాసు నాకు నచ్చలేదు

మొన్న సంక్రాంతికి మా పెద్దనాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను చేసిందల్లా, భోగి నాడు భోజనాల దగ్గర, ‘దేవదాసు’ చూస్తే నాకు ఒళ్ళు మండుతుందని అనడం. పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. “ఏ దేవదాసు?” అన్నారు, ఇంకేదైనా అయ్యుండకపోతుందా అన్న ఆశతో. నాగేశ్వరరావుదేనన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

సినిమా చూడటానికి నాకున్న అర్హత టిక్కెట్టు కొనడం ఒక్కటే. స్క్రీన్‌ప్లే అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నీళ్ళు నమలాల్సిందే. అయితే మూడు గంటలు కదలకుండా కూర్చున్నది నేను, నడుం పట్టేసిందీ నాకే. ఆ మాత్రానికి అభిప్రాయం చెప్పుకోవచ్చనుకుంటాను.

1953 నాటి దేవదాసుని నేను చూసింది డిగ్రీ చదివే రోజుల్లో, మార్నింగ్ షోలో. పక్క సీట్లో స్నేహితురాలు కొంగు తడిసేలా ఏడుస్తోంది. నాకేమో కోపం. అర్ధరాత్రి పూట, పరువు పోతుందని తెలిసీ, పార్వతి అతని గదికి నడిచి వస్తుంది. ఆ కాలంలో, ఆ పల్లెటూళ్ళో. అంత గుండెధైర్యం ఆ కథలో ఇంకెవరికీ లేదు. ఇతగాడు ఇంట్లో పెద్దలకి ఎదురుచెప్పలేక పట్నం పారిపోతాడు. తర్వాత మనసు మారి తిరిగొచ్చి, ఆ పిల్ల తల ఎత్తి మాట్లాడిందని నొసటి మీద గాయం చేస్తాడు. ఆ పైన తాగుతాడు. ఇక సినిమా అంతా ఆ తాగుడే.

దెబ్బ తిన్నది పార్వతి. ముసలి జమీందారుని కట్టుకుని, ఎదిగిన పిల్లలకి సవతితల్లయింది పార్వతి. హాల్లో ఏడుపు మాత్రం అతని కోసం! దీనికి కారణం నాకు తెలుసు. సుబ్బరామన్ బాణీలో ఘంటసాల గొంతెత్తితే ఎవరి మీదైనా జాలి పుడుతుంది. పాటలు తీసేసి చూడండి, ఎంత జాలి మిగులుతుందో. అవే పాటలు రేడియోలో వస్తే నేనూ కుళాయి కట్టేసి వింటాననుకోండి. అది వేరే సంగతి.

ఈ మాట అన్నప్పుడల్లా మా తమ్ముడి కొడుకు, “అత్తా, నువ్వు ‘అర్జున్ రెడ్డి’ చూడు, ఇది వేరేలా ఉంటుంది” అనేవాడు. 2017లో వాడి పోరు పడలేక చూశాను. వేరేలా ఏముంది? గడ్డం పెరిగింది, బుల్లెట్టు బండి వచ్చింది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లని ఈయనగారు నాదనేసుకుంటాడు. ఆ పిల్ల నోటి వెంట నాలుగు మాటలు వినడానికి నాకు సగం సినిమా పట్టింది. ఒక్క విషయంలో మాత్రం దేవదాసు కంటే ఇతను నయం: తాగి ఆపరేషన్ చేశానని విచారణలో తనంతట తాను ఒప్పుకుంటాడు. ఆ కాసేపూ నటించిన కుర్రాడికి దణ్ణం పెట్టాను. నానమ్మగా కాంచన కనిపించినప్పుడు సీట్లో సర్దుకుని కూర్చున్నాను కూడా. మిగతా అంతా వాచీ చూసుకోవడమే.

‘శంకరాభరణం’ గురించి చెబితే ఇంకొందరు లేచిపోతారు. సినిమా నాకు ప్రాణం. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగంలో ఉన్న సోమయాజులు గారిని తెచ్చి విశ్వనాథ్ గారు శాస్త్రిగా నిలబెడితే, అంతకు ముందు ఆయనొక ఆఫీసులో ఫైళ్ళు చూసేవారంటే నమ్మబుద్ధి కాదు. కానీ పెళ్ళిచూపుల్లో పాడుతూ కూతురు శారద ఎక్కడో తడబడిందని సంబంధం వద్దనేస్తాడే, అక్కడ నాకు శాస్త్రిగారి మీద చచ్చే కోపం. సంగీతం గొప్పదే, ఎవరు కాదన్నారు? పిల్ల జీవితం స్వరం కంటే తక్కువా? నా తరఫున ఆ మాట అడగడానికి అల్లు రామలింగయ్యని పెట్టారు, మాధవయ్య వేషంలో. ఆయన శాస్త్రిని దులిపేసే సీను వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. తప్పు పట్టేవాడిని కూడా సినిమాలోనే ఉంచారు కాబట్టి విశ్వనాథ్ గారి మీద నాకు కోపం లేదు.

‘గీతాంజలి’ మీద నాది చిన్న అభ్యంతరం. చావు దగ్గరపడిన ఇద్దరినీ ఊటీ పొగమంచులో తిప్పడం ఒకటి, ఆ పిల్లని వానలో తడపడం ఒకటి. ఇంట్లో రగ్గులు లేవా? ‘శివ’ ఇష్టం. సైకిల్ చైను కోసం కాదు, రఘువరన్ కోసం. అరవకుండా భయపెట్టిన విలన్ని అప్పటికి నేను చూడలేదు.

ఇక కనుమ నాటి సంగతి. టీవీలో ‘మాయాబజార్’ వేశారు. పెద్దనాన్న కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. నేను గారెలు వేస్తూ, వాయికీ వాయికీ మధ్య వచ్చి చూస్తున్నాను. ఈ సినిమాలో నాకు కావలసింది సావిత్రి ఒక్కతే. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఎవరూ లేనప్పుడు లేని మీసం మెలేస్తుంది, రొమ్ము విరుచుకుని నడుస్తుంది, ఎవరైనా వస్తే చటుక్కున సిగ్గుపడుతుంది. పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు ఆవిడ అదిమి తొక్కుతుంటే, రేలంగి ముఖం చూసి నవ్వు ఆగక, ఓసారి నా చేతిలోని జల్లిగరిటె జారి నేల మీద పడింది. నాలుగేళ్ళ ముందు పార్వతిగా నొసట దెబ్బ తిన్నదీ ఈ సావిత్రే. 1957లో వడ్డీతో సహా తీర్చేసుకుంది.

పైకి పురాణం గానీ, లోపల మన ఇళ్ళల్లో మేనరికం తగాదా. ఆడపడుచు వాళ్ళకి రాజ్యం ఉన్నంతకాలం అభిమన్యుడు మా అల్లుడే అన్న రేవతి, జూదంలో అన్నీ పోయాయని తెలియగానే మాట మారుస్తుంది. ఛాయాదేవి ఆ మాట మార్చే తీరు చూస్తే మా వీధిలో ముగ్గురు గుర్తొస్తారు. పేర్లు వద్దు, పండగ పూట.

సినిమా అయిపోయింది. పెద్దనాన్న గొంతు సవరించుకున్నారు. రాజీకొచ్చారనుకుని, నాలుగు గారెలు పళ్ళెంలో పెట్టుకుని ఆయన దగ్గరికి నడిచాను.

“అంతా బానే ఉంది గానీ,” అన్నారు, “పాండవులే లేరు. ఒక్కడంటే ఒక్కడు కనపడలేదు. అదేం భారతమే?”

గుమ్మంలోనే ఆగిపోయాను. తమ్ముడి కొడుకుని పిలిచి, “తాతయ్యకి నువ్వివ్వరా” అని పళ్ళెం వాడి చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.