పల్పర్ కొనాలా, అద్దెకు తేవాలా?

మాది పాడేరు ఏజెన్సీలో చిన్న కాఫీ తోట. కోసిన పండ్లకు ఆ రోజే పల్పర్‌లో తొక్క తీయాలి, లేకుంటే పులిసిపోయి రేటు పడిపోద్ది. మాకు మిషన్ అద్దె రోజుకు 400 రూపాయలు. సీజన్‌కు 20 రోజులు, అంటే 8,000. కొత్తది 24,000. మూడు సీజన్లలో అసలు వచ్చేస్తది కదా అని మా నాన్న షావుకారు దగ్గరికి బయలుదేరాడు. పోడు పట్టా తాకట్టు పెట్టమన్నాడట.

మేం అన్నాచెల్లెళ్లం లెక్కేశాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. నెలకు 720, ఏడాదికి 8,640. అద్దె కన్నా వడ్డీయే ఎక్కువ! అసలు అట్లనే ఉంటది. నాన్న ఆగిపోయాడు. ఆ ఏడు అద్దెకే తెచ్చాం.

పంట డబ్బులొచ్చాక మూడు ఇళ్లవాళ్లం తలా 8,000 వేసుకుని కొన్నాం. ఒక్క సీజన్ అద్దెతో సమానం. రిపేరు వస్తే ముగ్గురం పంచుకుంటాం. మీ ఇంట్లో ఏ మిషన్ కొనాలన్నా, ముందు అద్దె పక్కన వడ్డీ రాసి చూడండి.